సడలించిన నాలుగో తీగ

"ఆ గోకుడు ఆపి అన్నం వార్చు" అన్నారు మా ఆయన, పేపరు మడతపెడుతూ.

అన్నం వార్చి అప్పటికి చాలాసేపయింది. చారు కాగింది, ఎండుచేపలు వేగాయి, ఆయన తెల్లచొక్కా ఇస్త్రీ అయి తలుపు వెనక వేలాడుతోంది. ప్రసూతి వార్డులో డ్యూటీ చేసి వచ్చి, ఇవన్నీ ముగించుకున్నాకే నేను ఫిడేలు చేతిలోకి తీసుకున్నాను. కానీ నా చేతిలో కమాను కనిపించిందంటే ఆయనకు పొయ్యి మీద ఏదో మాడుతున్న వాసన వస్తుంది. మా అత్తగారు సౌభాగ్యమ్మ గారైతే ఇంకో మెట్టు పైన. పెళ్ళయిన కొత్తలో నా చేతిలో కమాను చూసి, "అంత పొడుగు పుల్ల కావాలంటే చీపురుందిగా అమ్మాయ్" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అప్పట్లో నవ్వడం కూడా నా పనుల్లో ఒకటి.

ఆ ఫిడేలు మా నాన్నది. నాన్న పేరు యెహెజ్కేలు, తెనాలి దగ్గర పల్లెలో చర్చి ఉపదేశి. ఆదివారం గుడిలో చాప మీద కూర్చుని కీర్తనలకు వాయించేవారు. ఆయనకు ఇద్దరు శిష్యులు, నేనూ మనోహరమూ. గుడిలో పదిమందిలో వాయించడానికి మనోహరం, ఇంట్లో, కమానుకు రాస్తే తీగలకు అంటిన రోజనం పొడి తుడవడానికి నేను. శిష్యుడికే పిల్లనిచ్చి చేస్తే ఫిడేలు ఇంట్లోనే ఉంటుందని నాన్న సంబరపడ్డారు. నిజమే, ఇంట్లోనే ఉంది. కాకపోతే మా ఆయన చేతిలో ఉంది.

డెబ్బై నాలుగులో మస్కట్‌లో కొత్త ఆసుపత్రులకు నర్సులు కావాలంటే నేను ముందు వచ్చాను. ఏడాది తిరిగాక నా కాగితాల మీద ఆయన్ని రప్పించి, మా ఆసుపత్రి స్టోర్స్‌లోనే గుమాస్తాగా పెట్టించాను. అది ఆయన నన్ను ఎన్నడూ క్షమించని మేలు. క్లీనర్ దగ్గర్నుంచి పెద్ద డాక్టరు దాకా అందరూ ఆయన్ని "సిస్టర్ మణి హస్బెండ్" అనేవారు. ఆయనకు సొంత పేరు మిగిలింది శుక్రవారం పూట మాత్రమే. మేముండే రువీలో ఎవరో ఒకరి ఇంట్లో తెలుగువాళ్ళం ఫెలోషిప్‌కి చేరేవాళ్ళం. అక్కడ ప్రార్థన ఆయనదే, ప్రసంగం ఆయనదే, లేచి నిలబడి తన బతుకులో జరిగింది పదిమందికీ చెప్పుకునే సాక్ష్యమూ ఆయనదే, ఫిడేలు ఆయనదే. నేను పాటల పుస్తకం పట్టుకుని వెనక కూర్చునేదాన్ని. తర్వాత అందరికీ టీలు ఇచ్చేదాన్ని.

ఇంగ్రిడ్ గారు పరిచయమైంది పచ్చకామెర్ల మంచం మీద. అప్పుడు నేను జనరల్ వార్డులో ఉండేదాన్ని. ఆమె భర్త జర్మన్ కంపెనీలో ఇంజనీరు, కుర్మ్ దగ్గర వాళ్ళ క్యాంపు. ఆమె దిండు పక్కన క్యాసెట్ ప్లేయర్ పెట్టుకుని ఏదో వింటుండేది. కీచుమనేది, కర్రుమనేది, ఉన్నట్టుండి ఆగిపోయేది. మెషీన్ పాడయిందా మేడమ్ అని అడిగాను. ఆమె పచ్చటి కళ్ళతో పగలబడి నవ్వింది. అది సంగీతమట. రెండు ఫిడేళ్ళు, వాటికంటే కాస్త పెద్దదైన వయోలా, మోకాళ్ళ మధ్య నిలబెట్టి వాయించే చెల్లో, మొత్తం నలుగురు కూర్చుని వాయించేది. రాసినాయన జర్మనీలో ఇంకా బతికే ఉన్నాడు. ఆమెకు ఒకప్పుడు పాఠాలు చెప్పాడట. ఆయన పేరు నాకు ఎంతకీ నోరు తిరగలేదు. అందుకని నాలో నేను "పెద్దాయన" అని పిలుచుకునేదాన్ని.

నాకు ఫిడేలు వచ్చని మాటల్లో తెలిసింది. గుంటూరులో నర్సింగ్ చదివేటప్పుడు అమెరికన్ దొరసాని ఒకామె నాకు నొటేషన్ చదవడం, ఫిడేలు గడ్డం కింద పెట్టుకోవడం నేర్పింది. ఇంగ్రిడ్ గారు మంచం మీంచి లేవకముందే నన్ను తన నాలుగో మనిషిగా రాసేసుకుంది. వయోలాకు స్కూలు మాస్టారు ఎల్లిస్, చెల్లోకు బ్యాంకులో పనిచేసే గోవా ఆయన మెనెజిస్ అప్పటికే ఉన్నారు. రెండో ఫిడేలు కుర్చీ ఖాళీగా ఉంది. ఆ కుర్చీ నాది అయింది. మా ఆయన, "వెళ్ళు, తెల్లవాళ్ళతో పరిచయం ఎప్పటికైనా పనికొస్తుంది" అన్నారు.

పెద్దాయన సంగీతంలో పాట లేదు. కమానును తీగ మీద నొక్కిపట్టి గీకమంటాడు. తిరగేసి కర్రతో కొట్టమంటాడు. తీగలను ఎత్తిపట్టే బ్రిడ్జికి అవతల, బుద్ధి ఉన్నవాళ్ళెవరూ వాయించని చోట వాయించమంటాడు. కొన్నిచోట్ల నలుగురం కమానులు ఎత్తిపట్టి, ఏమీ వాయించకుండా, ఒకరి ఊపిరి ఒకరు వింటూ కూర్చోవాలి. మొదట్లో నాకు నవ్వొచ్చింది. తర్వాత తలనొప్పి వచ్చింది. ఆ తర్వాత ఒకరోజు రిహార్సల్ నుంచి ఇంటికొచ్చి బియ్యం కడుగుతూ, ఎందుకో తెలియకుండానే ఏడ్చాను. ఎందుకో తెలియడానికి ఇంకొన్నాళ్ళు పట్టింది. ఆ చప్పుళ్ళన్నీ నాకు తెలిసినవే. నూనె లేని స్ట్రెచర్ చక్రం తెలుసు, పళ్ళు బిగపట్టిన తల్లి గొంతు తెలుసు, బిడ్డ బయటపడ్డాక ఏడుపు కోసం గదిలో అందరం ఊపిరి బిగబట్టే ఆ కాసేపూ తెలుసు. నేను చిన్నప్పట్నుంచీ పాడిన కీర్తనల్లో ఎంత దుఃఖమైనా ఆఖరి చరణానికి ఓదార్పు దొరికేది. ఆఖరి చరణం లేని దుఃఖం నా దగ్గర ఒకటుంది. దానికి చోటు నాకు ఈ గోకుడులో దొరికింది.

ముందటేడు నాకు నాలుగో నెలలో పోయింది. ఇంట్లో, స్నానాలగదిలో. ఎందరికో పురుళ్ళు పోసిన చేతులతో నా పని నేనే చేసుకున్నాను. ఆయన గుమ్మం అవతల నిలబడి, "ఎవరికీ తెలియనీకు మణీ. పదిమందికి ప్రార్థన చేసేవాణ్ణి, నా ఇంట్లోనే ఇట్లా అయ్యిందంటే చులకనైపోతాం" అన్నారు. నేను తెలియనివ్వలేదు. మర్నాడు డ్యూటీకి వెళ్ళి వేరేవాళ్ళ బిడ్డలకు నీళ్ళు పోశాను. ఇంట్లో ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

మేం నలుగురం వాయించే ఆ క్వార్టెట్ చివర్లో మిగతా ముగ్గురూ ఆగిపోతారు. రెండో ఫిడేలు ఒక్కటే ఉంటుంది. నాలుగో తీగ బిరడా తిప్పి, తీగ వదులై గొంతు పోయేదాకా సడలించి, దాని మీద కమాను ఆనీ ఆనకుండా లాగాలి. ఊపిరికీ మూలుగుకీ మధ్య ఏదో ఒకటి వస్తుంది. అది ఎంతసేపు సాగాలో పెద్దాయన రాయలేదు. వాయించేవాళ్ళ ఇష్టం అని వదిలేశాడు. నా బతుకులో నీ ఇష్టం అని కాగితం మీద పెట్టిన మగవాడు ఆయనొక్కడే. అక్కడికి వచ్చేసరికి నేను నా బిడ్డ కోసం వాయించేదాన్ని.

గురువారం సాయంత్రం కంపెనీ క్యాంపు మెస్ హాల్లో కచేరీ అని ఖాయమైంది. హెల్త్ మినిస్ట్రీ నుంచి పెద్దమనిషి వస్తున్నాడని, ఆసుపత్రి స్టోర్స్ అన్నిటికీ ఆయనే పైవాడని తెలిసిన రోజు నుంచీ మా ఇంట్లో గాలి మారింది. మా ఆయన నాకు టీ పెట్టిచ్చారు. నిజంగా, గిన్నె ఎక్కడుందో నన్నడక్కుండానే. నేను ఫిడేలు తీస్తే ఎదురుగా కింద చాప మీద కూర్చుని, "ఇక్కడ ఏం చేస్తున్నావో నాకూ చెప్పు మణీ. నేను పట్టించుకోలేదు గానీ, ఇందులో ఏదో ఉంది" అన్నారు.

నా సంతోషం ఏమని చెప్పను? పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ మనిషి నా ఎదుట కూర్చుని, నాకు తెలిసింది నన్నడగడం అదే మొదటిసారి. చూపించాను. ఎక్కడ గీకాలో, ఎక్కడ కర్రతో కొట్టాలో, ఇంగ్రిడ్ గారు భుజం ఎత్తితే ఎలా అందుకోవాలో, అన్నీ. ఆయన చెయ్యి పట్టుకుని కమాను నడిపించాను. ఆఖరి భాగం దగ్గర తీగ సడలించబోతే, "అయ్యో, శ్రుతి పోతుందే" అన్నారు అచ్చం మా నాన్నలాగా. అది అలాగే ఉండాలని చెప్పాను. ఎందుకో కూడా చెప్పాను. ఇది మన బిడ్డ కోసమండీ అన్నాను. ఆయన నా కళ్ళు తుడిచారు. ఆ వారమంతా నేను వార్డులో నడుస్తుంటే కాళ్ళు నేలమీద ఆనలేదు. మొగుడు ప్రేమగా మాట్లాడితే ఇంత తేలికవుతుందా ఒళ్ళు అనుకున్నాను. సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఆ వారం నేను ఆయన్ని ప్రేమించాను.

బుధవారం పొద్దున ఆయన మొహం వేలాడేసుకుని వచ్చారు. "కచేరీ వాయిదా పడిందట మణీ. ఆమెకి మళ్ళీ కామెర్లు తిరగబెట్టినయ్యంట. ఇవాళ రిహార్సలూ లేదు. నువ్వు పోబాక, ఆమెని పడుకోనీ" అన్నారు. క్యాంపుకి ఫోన్ చేసి పలకరిద్దామంటే, "నిద్ర లేపుతావా రోగిష్టిదాన్ని" అన్నారు. సరే, కచేరీ లేనప్పుడు సెలవు మాత్రం దేనికని నేనే మేట్రన్ దగ్గరికి పోయి గురువారం సాయంత్రం డ్యూటీ వేయించుకున్నాను. ఆ సాయంత్రం ఫెలోషిప్ పాటలు చూసుకోవాలని ఆయన ఫిడేలు పట్టుకుని వెళ్తే కూడా నేనేమీ అనుకోలేదు. కసాయివాణ్ణి గొర్రె నమ్మిందంటే ఇదే కాబోలు. కత్తి కూడా నేనే నూరి పెట్టాను.

గురువారం సాయంత్రం నేనూ సారా కలిసి ఒక బాలింతను మంచం మార్చబోతున్నాం. సారా ఏలూరు పిల్ల, ఫెలోషిప్‌కి వస్తుంది. నేను బాలింత నడుము కింద చెయ్యి వేశానో లేదో, నా మోచెయ్యి పట్టుకుని లాగేసింది.

"వదులక్కా! నీకేమన్నా పిచ్చా? ఈ టైములో బరువులెత్తుతావేంటి?"

"ఏ టైములో?"

"దాచుకో, దాచుకో. మొన్న శుక్రవారం నువ్వు డ్యూటీలో ఉన్నావు కదా, అన్నగారు ప్రార్థన మనవి చెప్పారు. మూడో నెలంట కదా! అందరం మోకాళ్ళ మీద పడి నీకోసం ప్రార్థించాం. పాపం, ఆయన కళ్ళెంట నీళ్ళు."

సారా తన ధోరణిలో తను చెప్పుకుపోతోంది. "అందుకేగా ఇవ్వాళ నీ బదులు ఆయన వాయిస్తున్నారు! మావారిని కూడా కచేరీకి రమ్మన్నారు. నువ్వు ఇంట్లో రెస్టులో ఉంటావనుకున్నా, తీరా చూస్తే ఇక్కడ..."

అక్కడ ఆగి నా మొహం చూసింది. తర్వాత నన్నేమీ అడగలేదు. "వార్డు నేను చూసుకుంటా, నువ్వు పో అక్కా" అంది. అదీ స్నేహమంటే.

యూనిఫాం కూడా మార్చుకోకుండా టాక్సీ ఎక్కాను. రువీ నుంచి కుర్మ్ దాకా దారంతా కొండల మీద ఎండ ఇంకా ఉంది. వాయిదా అన్న అబద్ధం ఒకటీ నా కుర్చీ లాక్కోవడం ఒకటీ అయితే, అవి నాకు అలవాటైన జాతివే. మనోహరానికి ఆ పెద్దమనిషి కంట్లో పడాలని ఉంది, సిస్టర్ మణి హస్బెండ్ అనిపించుకోవడం ఇష్టం లేదు, అదీ అర్థమవుతుంది. కానీ అందుకు నా కడుపులోంచి లేని బిడ్డను పుట్టించాడు. ఉన్న బిడ్డను దాచమన్నవాడు లేని బిడ్డను పదిమంది మధ్య మోకరించి ప్రకటించాడు. దేవుడి పేరు మీద. కళ్ళనీళ్ళు పెట్టుకుని. ఆ నీళ్ళు పోయినదాని కోసం ఒక్కసారైనా వచ్చాయా?

మెస్ హాలు వెనక గదిలో నలుగురూ ఉన్నారు. నన్ను చూసి ముందు మెనెజిస్ లేచి కుర్చీ లాగి, కూర్చో కూర్చో అన్నాడు. ఎల్లిస్ కంగ్రాచులేషన్స్ అన్నాడు. ఇంగ్రిడ్ గారు వచ్చి నన్ను కావలించుకుంది. చల్లగా, ఆరోగ్యంగా ఉంది. "ఈ స్థితిలో నువ్వు రాకూడదు మణీ. మూడు నెలలు మంచం దిగొద్దన్నారట కదా డాక్టర్లు?"

మా ఆయన మూలన నిలబడి ఉన్నారు. నేను ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా. చేతిలో నాన్న ఫిడేలు.

నేను ఇంగ్రిడ్ గారిని ఒక్కటే అడిగాను. "నిన్న రిహార్సల్‌లో ఆఖరి భాగం ఈయన ఎలా వాయించారు?"

ఆమె చూపు తిప్పుకుంది. నేను వెళ్ళి ఆయన చేతిలో ఉన్న ఫిడేలు మీదే నాలుగో తీగ మీటాను. నిండుగా, తియ్యగా, గుడిలో మోగినట్టు మోగింది. బిగించేశారు.

"వదులుగా ఉంటే నాకు చెయ్యి రాదు మణీ, శ్రుతి లేకుండా ఎట్లా వాయిస్తాం ఎవరైనా?" అన్నారు ఆయన తెలుగులో, ఇంకా నవ్వుతూనే.

"చెప్పాను ఆయనకి" అంది ఇంగ్రిడ్. "ఆయన వినలేదు. టైము లేదు మణీ. మినిస్ట్రీ వాళ్ళు వచ్చేశారు, నా భర్త కంపెనీకి ఇది ముఖ్యం. అయినా హాల్లో ఎవరికి తేడా తెలుస్తుంది?"

ఇదీ ఒక దెబ్బే. నెలల తరబడి ఆ ఒక్క చప్పుడు కోసం నన్ను మళ్ళీ మళ్ళీ వాయించమన్న మనిషి! సడలించు, ఇంకా సడలించు, అందంగా ఉండకూడదు, నిజంగా ఉండాలి అన్న మనిషి! ఆమె కూడా అవసరం వస్తే అంతే. మొగుడి కంపెనీ ముందు ఆమె పెద్దాయన కూడా పక్కకు జరగవలసిందే. నాకు ఆమె మీద కోపంతో పాటు జాలి కూడా వేసింది. జర్మనీలో పుట్టినా ఆమె ఇంట్లోనూ అన్నం ఎవరో ఒకరు వార్చాలి.

మనోహరం నా దగ్గరికి వచ్చి, భుజం మీద చెయ్యి వేసి, చెవి దగ్గర మెల్లగా అన్నాడు. ఆ గొంతులో టీ పెట్టిచ్చిన వారం నాటి మెత్తదనమే ఉంది.

"తెల్లోళ్ళ ముందు గొడవ చెయ్యబాక మణీ. ఈ ఒక్కరోజుకి నన్ను నిలబెట్టు. ఇంటికెళ్ళి పడుకో. ఆ బిడ్డ సంగతంటావా, అదెంతసేపు? రెండు వారాలాగి పోయిందని చెప్తాలే."

పోయిందని చెప్తాలే.

గుమ్మం అవతల నిలబడి ఎవరికీ చెప్పొద్దన్న నోరే ఇది. నేను రక్తం కడుక్కుంటూ నోట్లో గుడ్డ కుక్కుకున్నది ఈ నోటి కోసమే. ఆ మాట ఇంత సులువుగా వస్తుందని నాకు తెలియదు. చొక్కా మార్చుకున్నంత సులువు. నాలోపల ఏదో తెగుతుందనుకున్నాను. ఏమీ తెగలేదు. ఇన్నాళ్ళూ బిగపట్టుకున్నది మెల్లగా వదులైంది.

నేను మిగతా ముగ్గురి వైపు తిరిగి ఇంగ్లీషులో చెప్పాను, అందరికీ అర్థం కావాలని. "నేను గర్భవతిని కాను. ముందటేడు అయ్యాను. నాలుగో నెలలో పోయింది. అప్పుడు ఈయన ఎవరికీ చెప్పనివ్వలేదు. ఈయన మీకు చెప్పిన బిడ్డ లేదు. ఉన్న బిడ్డ గురించి మీకెవరికీ తెలియదు. ఈ కుర్చీ నాది."

హాల్లో కుర్చీలు జరుగుతున్న చప్పుడు, గ్లాసుల చప్పుడు. ఎల్లిస్ నేల చూస్తున్నాడు. ముందుగా కదిలింది మెనెజిస్. మా ఆయన దగ్గరికి వెళ్ళి, రెండు చేతులూ చాచి, మర్యాదగానే, ఫిడేలు తీసుకుని నాకిచ్చాడు.

"నా పరువు తీసేశావు కదే" అన్నారు ఆయన.

"మీ పరువు నా కడుపులో ఎందుకు పెట్టారండీ?" అన్నాను.

ఇంగ్రిడ్ ఏదో అనబోయింది. క్షమాపణే అయి ఉండవచ్చు. తర్వాత మాట్లాడదాం అన్నాను. బిరడా పట్టుకుని నాలుగో తీగ మళ్ళీ సడలించాను.

నర్సు యూనిఫాంలోనే కూర్చున్నాను. ముందు వరసలో మినిస్ట్రీ పెద్దమనిషి, కంపెనీవాళ్ళు, వాళ్ళ భార్యలు. వెనక గోడకు ఆనుకుని మా ఆయన. మొదట గీకగానే ఎవరో నవ్వు ఆపుకున్నారు. ఎవరో దగ్గారు. నాకేమీ పట్టలేదు. ఇంగ్రిడ్ భుజం ఎత్తినప్పుడల్లా అందుకున్నాను. ఎంత కోపంలో ఉన్నా ఆమె ఊపిరి నాకు వినిపించింది, నాది ఆమెకు వినిపించింది. ఇదొక వింత. మనుషులు మోసం చేసినా చేతులు పని చేస్తూనే ఉంటాయి.

చివరికి ముగ్గురూ ఆగిపోయారు. నేను మిగిలాను. ఆనీ ఆనకుండా కమాను లాగాను. ఆ మూలుగు ఎంత చిన్నదంటే, హాల్లో ఏసీ చప్పుడు దాన్ని దాటి వినిపించింది. అందరూ ముందుకు వంగారు. రిహార్సల్స్‌లో ఎప్పుడూ కాసేపటికే ఆపేసేదాన్ని, మిగతావాళ్ళను అలా కూర్చోబెట్టడం ఎందుకని. ఈసారి ఎవరి గురించీ ఆలోచించలేదు. నా బిడ్డకు పేరు పెట్టుకోలేదు, పాట పాడలేదు, ఒక రోజు సెలవు పెట్టి ఏడవనైనా లేదు. అవన్నీ అయ్యేదాకా లాగాను. ముందు వరసలో ఒక ఆవిడ, ఎవరో నాకు తెలియదు, చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకుంది.

కొంచెం చప్పట్లు కొట్టారు. పెద్దమనిషి వచ్చి మర్యాదకు రెండు ముక్కలు మాట్లాడి వెళ్ళాడు. ఫిడేలు పెట్టెలో పెట్టుకుని బయటికొచ్చేసరికి మా ఆయన మెట్ల దగ్గర నిలబడి ఉన్నారు. మొహం కడుక్కున్నట్టున్నారు.

"అయ్యిందేదో అయ్యింది. పద, ఇంటికెళ్దాం" అన్నారు. నేను కదలకపోయేసరికి దగ్గరికొచ్చారు. "రేపు ఫెలోషిప్‌కి మాత్రం నువ్వు రాబాక మణీ. ఒంట్లో బాగాలేదని నేను చెప్తా. మెల్లగా నేనే సర్దుతా."

"వస్తానండీ" అన్నాను. "సాక్ష్యం చెప్పుకునేది ఉంది."